వరంగల్ చపాటను వెతికితే ఎవరు కనిపించాలి?
చిన్న ఉత్పత్తిదారుల వెబ్‌సైట్లు, సెర్చ్ ఇంజిన్ల తీరు

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లోకి వచ్చిన మిరప బస్తాకు ఒక పేరు ఉంటుంది. తేజ, వండర్ హాట్, 341, చపాట అంటూ ఏ రకానికి ఆ రకం వేరుగా పేరుస్తారు. ఖరీదుదారు బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఎంత ఉన్నదో చూసి ధర చెబుతాడు. యార్డు దాటిన తర్వాత ఆ కాయ శీతల గిడ్డంగికో, కారం మిల్లుకో, రంగు తీసే పరిశ్రమకో చేరుతుంది. అక్కడినుంచి పొట్లంలోకి వచ్చేసరికి పండించిన ఊరి పేరు మాట అటుంచి, రకం పేరు కూడా చాలాసార్లు మిగలదు.

చపాట విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువ. ఆకారంలో టమాటను పోలి ఉండటం వల్ల దీన్ని టమాట మిరప అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు రంగు ఎక్కువ. పచ్చళ్లకు, రంగు కోసం వాడే మిరపపొడికి, ఓలియోరెసిన్ తయారీకి అనువైన కాయ ఇది. అంటే దీని విలువంతా దాని ప్రత్యేకతలోనే ఉన్నది. ఆ ప్రత్యేకత తెలియని కొనుగోలుదారు దృష్టిలో ఇది కారం చాలని మిరపకాయ మాత్రమే. 2025లో ‘వరంగల్ చపాట మిరప’కు భౌగోళిక గుర్తింపు లభించింది. తిమ్మంపేట మిరప రైతు ఉత్పత్తిదారుల సంస్థ, మల్యాలలోని జె.వి.ఆర్. ఉద్యాన పరిశోధన స్థానం, శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి చేసిన కృషికి వచ్చిన ఫలితమది. అంతకుముందు 2018లో వరంగల్ దర్రీలకు ఇదే గుర్తింపు వచ్చింది.

భౌగోళిక గుర్తింపుల చట్టం పేరుకు రక్షణ ఇస్తుంది. అయితే బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న పచ్చళ్ల తయారీదారు కాయ కొనాలనుకున్నప్పుడు రిజిస్ట్రీ పుటలు తిరగేయడు, చేతిలోని ఫోనులో వెతుకుతాడు. ఆ క్షణంలో పండించిన రైతుల సంస్థ తెరపైకి రాకపోతే, వచ్చినవారే ఆ పేరుకు ప్రతినిధులవుతారు. చపాట అంటే ఏమిటో, ఎలా ఉండాలో, ఎంతకు దొరకాలో వారే నిర్వచిస్తారు. పేరు రైతులది, దాని వర్ణన ఇతరులది అయ్యే ఈ పరిస్థితిని నివారించడానికే చిన్న సంస్థల వెబ్‌సైట్లకు సెర్చ్ ఇంజిన్ల తీరు తెలియాలి. దీన్ని ఎస్.ఈ.ఓ. అంటారు. ఈ మాట వినగానే ఏదో గారడీ అనే అనుమానం కలగడం సహజం. నిజానికి అందులో మూడు వంతులు, వెతికేవాడు వాడే మాటల్లో మన విషయాన్ని స్పష్టంగా రాసిపెట్టడమే.

యంత్రం చదివే పద్ధతి

గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్ పని మూడు దశల్లో సాగుతుంది. మొదటిది సేకరణ. గూగుల్‌బాట్ వంటి ప్రోగ్రాములు ఒక పేజీనుంచి లింకు పట్టుకుని మరో పేజీకి వెళుతూ కనిపించినవాటిని చదువుతాయి. రెండోది సూచిక తయారీ. పుస్తకం చివర ఏ పదం ఏ పుటలో ఉన్నదో చూపే పట్టిక వంటిదాన్ని, వేల కోట్ల పేజీలకు తయారుచేస్తాయని ఊహించుకోవచ్చు. మూడోది క్రమనిర్ణయం. ఎవరైనా ఒక మాట టైపు చేసినప్పుడు యంత్రం అప్పటికప్పుడు వెబ్‌ను గాలించదు. ముందే కట్టుకున్న సూచికలోంచి సరిపోయే పేజీలను తీసి, ఏది ముందో ఏది వెనకో నిర్ణయిస్తుంది.

వెబ్‌సైట్ కనిపించడం లేదని ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా తేల్చవలసింది లోపం ఏ దశలో ఉన్నదన్నది. మొలక రాకపోవడానికి విత్తనం కారణమా, తేమ కారణమా, పైన కట్టిన పెచ్చు కారణమా అని చూడకుండా ఎరువు వేయడం ఎంత నిరర్థకమో, సూచికలోకే ఎక్కని పేజీకి మెరుగులు దిద్దడం అంత నిరర్థకం. ‘సైట్’ అనే ఇంగ్లీషు పదం, కోలన్ గుర్తు, వెంటనే ఖాళీ లేకుండా వెబ్‌సైట్ చిరునామా రాసి గూగుల్‌లో వెతికితే సూచికలో ఉన్న పేజీలు సుమారుగా తెలుస్తాయి. ఉచితంగా లభించే సెర్చ్ కన్సోల్ మరింత కచ్చితంగా చెబుతుంది. సైటును నిర్మించే దశలో పెట్టిన ‘సూచికలో చేర్చవద్దు’ అనే ఆదేశాన్ని ప్రారంభమైన తర్వాత తీసేయడం మరచిపోవడం అరుదేమీ కాదు. ఆ ఒక్క గుర్తు వల్ల నెలల శ్రమ అంతా కనిపించకుండా పోతుంది.

క్రమనిర్ణయానికి గూగుల్ మొదట ఎంచుకున్న ఆధారం విశ్వవిద్యాలయ పాఠకులకు సులువుగా అర్థమవుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్, పరిశోధన పత్రాల ఉల్లేఖనల వంటి ఆలోచనే. ఎక్కువమంది ఉల్లేఖించిన పత్రానికి గౌరవం ఎక్కువ; గౌరవం ఉన్న పత్రం ఉల్లేఖిస్తే ఇంకా ఎక్కువ. నేటి క్రమనిర్ణయంలో అనేక ఇతర అంశాలు చేరినా లింకు విలువ పోలేదు.

పేర్ల చిక్కు

చపాటను ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు ఒకరు మధ్యలో ‘ఎ’ ఒకటే రాస్తారు, ఇంకొకరు రెండు రాస్తారు, మరొకరు ‘టి’ పక్కన ‘హెచ్’ చేరుస్తారు. కొందరు టమాట మిరప అంటారు. వ్యాపారులు సింగిల్ పట్టీ, డబుల్ పట్టీ అంటారు. రంగు కొలిచే పరిశ్రమవారు ఈ పేర్లేవీ వాడకుండా, తక్కువ కారం, ఎక్కువ రంగు ఉన్న కాయ కోసం వెతుకుతారు. కొత్తవాడ నేతగాళ్ల ఉత్పత్తిది కూడా ఇదే పరిస్థితి. చట్టం దర్రీ అన్నదాన్ని ఇంట్లో జంపఖానా అంటారు, మరికొందరు షత్రంజీ అంటారు. కొనేవాడు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట పేజీలో లేకపోతే దొరికే అవకాశం తగ్గుతుంది. సెర్చ్ ఇంజిన్లు కొంతవరకు పర్యాయపదాలను, అక్షరదోషాలను గ్రహించగలవు. ఇంగ్లీషులో అవి చూపే నైపుణ్యాన్ని తెలుగు మాండలిక పదాల విషయంలోనూ ఆశించడం తొందరపాటు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ చిక్కు కొత్తది కాదు. ఎం.టి.యు. 1010ని కాటన్‌దొర సన్నాలు అని విడుదల చేస్తే రైతు ‘వెయ్యిన్ని పది’ అని అడుగుతాడు. ఆర్.ఎన్.ఆర్. 15048 తెలంగాణ సోనా అయింది. మిరపలో తామర పురుగుల గురించి కరపత్రం రాస్తే, రైతు మాత్రం ‘పై ముడత’ అంటాడు. నల్లి గురించి రాస్తే ‘కింది ముడత’ అంటాడు. తోటలో నిలబడి ఫోనుకు గొంతుతో చెప్పేది లక్షణాన్నే కాని పురుగు పేరును కాదు. ఉత్పత్తిదారుల సంస్థ వెబ్‌సైటుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

పరిష్కారం అన్ని పేర్లనూ వరసగా గుప్పించడం కాదు. ఒకే పదాన్ని అడుగడుగునా దట్టించడాన్ని సెర్చ్ ఇంజిన్లు మోసంగానే పరిగణిస్తాయి. పేజీలో గుప్తంగా పెట్టే ‘కీవర్డ్స్’ ట్యాగును క్రమనిర్ణయానికి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ ఆ ట్యాగు నింపినందుకు రుసుము తీసుకునేవారు ఉన్నారన్నది వేరే సంగతి. చేయవలసింది సహజ వాక్యం రాయడం. ‘వరంగల్ ప్రాంతంలో పండే చపాట మిరపను కాయ ఆకారాన్నిబట్టి టమాట మిరప అని కూడా పిలుస్తారు’ అన్న ఒక్క వాక్యం రెండు పేర్లనూ, ప్రాంతాన్నీ, కారణాన్నీ కలిపి చెబుతుంది. చదివే మనిషికీ అందులో విషయం ఉంటుంది.

‘మిరప’ అనే ఒక్క పదానికి పోటీపడటం చిన్న సంస్థకు అనవసరం. దాన్ని టైపు చేసినవాడు వంటకం కోసం వెతుకుతున్నాడో, సాగు పద్ధతి కోసమో, నేటి మార్కెట్ ధర కోసమో చెప్పలేం. ‘ఆవకాయకు తక్కువ కారం ఎక్కువ రంగు మిరపపొడి’ అని వెతికేవారు కొద్దిమందే అయినా వారు కొనడానికి వచ్చినవారు. ఇలాంటి పొడవైన మాటలను గుర్తించడానికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. సంస్థకు వచ్చే ఫోను కాల్స్‌లో అడిగిన ప్రశ్నలను నెలరోజులు నోటుపుస్తకంలో రాసుకుంటే చాలావరకు దొరుకుతాయి. ఏ మాట ఏ నెలలో ఎక్కువగా వెతుకుతున్నారో 2004 నుంచి ఉన్న సమాచారంతో గూగుల్ ట్రెండ్స్ చూపుతుంది. పచ్చళ్ల పేజీని మామిడికాయలు మార్కెట్‌కు వచ్చాక రాయడం మొదలుపెడితే, అది సూచికలో కుదురుకునేలోగా కాలం దాటిపోతుంది.

పేర్ల విషయంలో ఊరి పేరూ తక్కువ చిక్కు కాదు. 2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి. ఒక సంస్థ చిరునామా ఒక చోట అర్బన్ అనీ, మరోచోట హనుమకొండ అనీ, ఇంకోచోట హన్మకొండ అనీ ఉంటే, అవి మూడు సంస్థలో ఒకటో యంత్రానికి సందేహం కలుగుతుంది. పేరు, చిరునామా, ఫోను నంబరు ఎక్కడ రాసినా ఒకే రూపంలో ఉండాలి.

యంత్రానికి కనిపించని తెలుగు

తెలుగు వెబ్‌సైట్లకు ప్రత్యేకమైన అవరోధం ఒకటి ఉన్నది. దాని గురించి ఇంగ్లీషు పాఠ్యగ్రంథాలు చెప్పవు. మన కరపత్రాలు, పుస్తకాలు, నివేదికలు దశాబ్దాలపాటు అను, శ్రీలిపి వంటి ముద్రణ ఫాంట్లలో తయారయ్యాయి. పాత పద్ధతి ఫాంట్లలో తెరపై తెలుగు అక్షరం కనిపించినా కంప్యూటరు లోపల ఉండేది వేరే సంకేతం, సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలకో గుర్తులకో కేటాయించినది. మనిషి కంటికి ‘మిరప’గా కనిపించేది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరస. అలాంటి పి.డి.ఎఫ్.లోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి మరోచోట అతికించి చూస్తే విషయం తేలిపోతుంది. అక్కడ గజిబిజి వస్తే సెర్చ్ ఇంజిన్ చదివేదీ ఆ గజిబిజినే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి కూర్పునుంచే స్థానం ఉన్నది. ఇన్నేళ్ల తర్వాత కూడా వెబ్‌లోకి ఎక్కించే ప్రతుల్లో పాత ఫాంట్లు కొనసాగడం అలవాటు తప్ప అవసరం కాదు. ముద్రణకు ఏ ఫాంటు వాడినా, వెబ్ ప్రతిని యూనికోడ్‌లోకి మార్చి, అక్షరదోషాలు దిద్ది, పేజీగా పెట్టాలి.

చిత్రంగా పెట్టే సమాచారమూ ఇలాంటిదే. ధరల పట్టికను, ఉత్పత్తుల వివరాలను రంగురంగుల పోస్టరుగా తయారుచేసి ఒకే చిత్రంగా అతికించడం చిన్న వెబ్‌సైట్లలో తరచుగా కనిపిస్తుంది. చిత్రంలోని అక్షరాలను గుర్తించే సాంకేతికత ఉన్నా, తెలుగు విషయంలో దాన్ని నమ్ముకోవడం వివేకం కాదు. 2021-22లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు మిరప తోటలను ముంచెత్తింది. అలాంటి సమయంలో వాట్సాప్‌లో చిత్రంగా పంచిన సలహా ఆ వారానికి పనికొస్తుంది. మరుసటి ఏడాది అదే లక్షణంతో వెతికిన రైతుకు అది దొరకదు. అదే సలహా అక్షరాల్లో, ఒక పేజీలో, తేదీతో ఉంటే దొరుకుతుంది. ఛాయాచిత్రాలు తప్పనిసరిగా ఉండాలి. వాటికి ‘ఆల్ట్ టెక్స్ట్’ అనే వివరణ కూడా ఉండాలి. ‘చిత్రం 1’ అని కాక ‘ఎండబెట్టిన వరంగల్ చపాట మిరపకాయలు’ అని రాస్తే సెర్చ్ ఇంజిన్‌కే కాదు, చూపులేని పాఠకుడు వాడే చదివే సాధనానికీ అర్థమవుతుంది.

పేజీలో ఏముండాలి

ప్రతి ఉత్పత్తికీ వేరుగా ఒక పేజీ, ప్రతి పేజీకీ దానిదే అయిన శీర్షిక అవసరం. ఫలితాల్లో నీలి అక్షరాల్లో కనిపించేది చాలావరకు ఈ శీర్షికే. చాలా సైట్లలో ప్రతి పేజీ శీర్షికా ‘హోమ్’ అనో, సంస్థ పూర్తి పేరుగానో ఉంటుంది. ‘వరంగల్ చపాట మిరపపొడి: తక్కువ కారం, నిండు రంగు’ అని ముందు పెట్టి, సంస్థ పేరును చివర చేర్చడం మేలు. శీర్షిక కింద కనిపించే రెండు వాక్యాల వివరణ క్రమాన్ని నేరుగా మార్చదు. వెతికేవాడు నొక్కాలా వద్దా అన్నది మాత్రం దానిమీద ఆధారపడుతుంది. తెలుగు, ఇంగ్లీషు పాఠాలను ఒకే పేజీలో కలగాపులగం చేయకుండా వేరు పేజీలుగా ఉంచి, ఒకదానికొకటి జోడైన భాషాంతరమని చెప్పే ‘హ్రెఫ్‌లాంగ్’ గుర్తును సైటు తయారుచేసేవారితో పెట్టించుకోవాలి.

పేజీలో రాసే విషయం దగ్గర ఉత్పత్తిదారులకు ఉన్న బలం మరెవ్వరికీ లేదు. పునఃవిక్రేత ‘నాణ్యమైన మిరప’ అనగలడు, అంతకుమించి చెప్పలేడు. ఎప్పుడు నారు పోశారు, ఏ నేలలో పండించారు, ఎన్ని కోతలు కోశారు, ఎండబెట్టింది కల్లంలోనా టార్పాలిన్‌పైనా, తేమ ఎంతకు తగ్గాక నిల్వచేశారు, రంగు విలువ పరీక్షలో ఎంత వచ్చింది, అఫ్లటాక్సిన్ పరీక్ష చేయించారా అన్నవి పండించినవారికే తెలుసు. పరిశ్రమ కొనుగోలుదారు అడిగేదీ ఇవే. స్వానుభవం, నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత ఉన్న రచనకు ప్రాధాన్యమిస్తామని గూగుల్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రైతు సంఘం దగ్గర ఈ నాలుగూ ఉన్నాయి, రాసిపెట్టినవారు లేరు. ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, భౌగోళిక గుర్తింపు కింద అధీకృత వినియోగదారుగా నమోదై ఉంటే ఆ వివరం, ఫోను నంబరు స్పష్టంగా కనిపించాలి.

మొబైల్‌లో పేజీ తెరుచుకునే తీరే ఇప్పుడు ప్రమాణం. ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలమానం. చిన్న సైట్లు దీన్ని తప్పడానికి ముఖ్య కారణం కెమెరానుంచి తీసినవి తీసినట్లే పెట్టే భారీ ఛాయాచిత్రాలు. వాటిని కుదించి పెట్టడం ఒక పూట పని.

పటం మీద చోటు, లింకుల విలువ

హనుమకొండలోనో వరంగల్‌లోనో దుకాణం ఉన్న సంస్థకు వెబ్‌సైటు కంటే ముందు కావలసింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. ఇది ఉచితం. దగ్గరలోని దుకాణాల కోసం వెతికినప్పుడు పటంతో పాటు వచ్చే ఫలితాలు సంబంధం, దూరం, ప్రాచుర్యం అనే మూడింటిపై ఆధారపడతాయి. దూరాన్ని మార్చలేం. సరైన వ్యాపార వర్గం ఎంచుకోవడం, పనివేళలు నిజంగా ఉన్నట్లే రాయడం, నిజమైన కొనుగోలుదారుల అభిప్రాయాలు కోరి వాటికి మర్యాదగా జవాబివ్వడం మన చేతిలో ఉన్నవి. డబ్బో తగ్గింపో ఇచ్చి రాయించే అభిప్రాయాలు నిబంధనలకు విరుద్ధం.

లింకుల విషయంలో విశ్వవిద్యాలయాల బాధ్యత ఉన్నది. ఒక ఉత్పత్తిదారుల సంస్థకు శిక్షణ ఇచ్చిన పరిశోధన స్థానం గాని, మామునూరు, మల్యాల వంటి కృషి విజ్ఞాన కేంద్రం గాని తన వెబ్ పేజీలో ఆ సంస్థ పేరు రాసి లింకు ఇస్తే, అది సెర్చ్ ఇంజిన్ దృష్టిలో విలువైన సాక్ష్యం. దీనికి పైసా ఖర్చు లేదు. శిక్షణ కార్యక్రమాల ఛాయాచిత్రాలు పదులకొద్దీ పెట్టి, ఆ సంస్థల వెబ్ చిరునామా ఒక్కచోట కూడా రాయకపోవడం చిన్న లోపంగా కనిపించే పెద్ద లోపం. డబ్బుకు అమ్మే లింకుల జోలికి మాత్రం పోరాదు. 2012లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ అలాంటివారిని ఫలితాల్లో వెనక్కి నెట్టింది.

మొదటి స్థానానికి హామీ ఇస్తామంటూ సంవత్సర చందా అడిగేవారి ఫోన్లు ప్రతి చిన్న వ్యాపారికీ వస్తాయి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతున్నది. డబ్బు తీసుకుని సహజ ఫలితాల్లో స్థానం ఇవ్వడమన్నది లేదు. ప్రకటన వేరు, దానిపై ఆ విషయం తెలిపే గుర్తు ఉంటుంది. నిజాయితీగా చేసిన మార్పులకు ఫలితం కనిపించడానికి నాలుగు నెలలనుంచి ఏడాది పట్టవచ్చు. 2024 ఆగస్టునుంచి మన దేశంలోనూ ఫలితాల పైన కృత్రిమ మేధ రాసే సారాంశాలు వస్తున్నాయి. వాటివల్ల సైటు దాకా వచ్చేవారు కొంత తగ్గవచ్చు. ఆ సారాంశమూ ఎవరో ఒకరు రాసిన పేజీలనుంచే పుడుతుంది గనుక, చపాట గురించి సరైన పేజీ లేకపోతే సరికాని పేజీయే దానికి ముడిసరుకవుతుంది.

ఫలితాన్ని కొలవడం

సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటకు సైటు ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటు స్థానం ఎంత అన్న లెక్కలు ఉంటాయి. వాటిని చదివేటప్పుడు క్షేత్ర ప్రయోగంలోని జాగ్రత్తే కావాలి. ఏప్రిల్‌లో సందర్శకులు పెరిగితే అది మార్చిలో మార్చిన శీర్షిక ఘనతా, పచ్చళ్ల కాలమా? ఇక్కడ పోల్చుకోవడానికి ఎరువు వేయని పక్క మడి ఉండదు. కన్సోల్ 16 నెలల సమాచారాన్ని భద్రపరుస్తుంది కాబట్టి కిందటి నెలతో కాక కిందటి ఏడాది అదే నెలతో పోల్చాలి. ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్కటి మార్చి తేదీ రాసుకోవాలి. సందర్శకుల సంఖ్య మురిపించవచ్చు. అమ్మకపు పుస్తకంలో ‘ఎలా తెలిసింది’ అనే ఒక గడి చేర్చితే అసలు సంగతి బయటపడుతుంది. వెయ్యిమంది చూసి ఎవరూ ఫోను చేయని పేజీకంటే, నలభైమంది చూసి ముగ్గురు నమూనా అడిగిన పేజీ నయం.

గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఊళ్లకు వెళ్లే చివరి సంవత్సరం విద్యార్థులకు ఇందులో ఒక పని సిద్ధంగా ఉన్నది. ఒక ఉత్పత్తిదారుల సంస్థను ఎంచుకుని, రైతులు, అడ్తిదారులు, మిల్లు యజమానులు, ఇంటికి కొనేవారు ఒకే సరుకును ఏయే మాటలతో పిలుస్తారో, ఏయే ప్రశ్నలు అడుగుతారో వారి మాటల్లోనే సేకరించాలి. వాటికి జవాబులు యూనికోడ్ తెలుగులో రాసి, రంగు, తేమ వంటి అంకెలను సంబంధిత శాస్త్రవేత్తతో సరిచూయించి, సంస్థ సైటులో తేదీతో పెట్టించాలి. సెర్చ్ కన్సోల్ ఖాతాను విద్యార్థి పేరుతో కాక సంస్థ పేరుతోనే తెరిపించి, తాళాన్ని సంస్థ కార్యదర్శికి అప్పగించాలి. మరుసటి సంవత్సరం వచ్చే జట్టు ఆ లెక్కలు చూసి, ఎవరూ నొక్కని పేజీలను తిరగరాయడంతో తన పని మొదలుపెట్టవచ్చు.